తువాల కింది ధర

5 ఏప్రిల్ 1941, శనివారం. పెబ్బేరు

కొత్త నోట్‌బుక్, కొత్త నౌకరీ. ఆఫీసు కాయితాల మీద ఎట్లాగూ సర్కారు వాడే ఫసలీ తేదీలు రాయాలి. ఇక్కడ మాత్రం ఇంగ్లీషు తేదీలే వేస్తాను. నా ఇష్టం.

ఇవాళ్టి నుంచి నేను పెబ్బేరు పశువుల సంతలో సర్కారు చిట్టీల గుమాస్తాను. ఎద్దు అమ్ముడుపోతే ధర అడగాలి, రూపాయికి ఇంత అని పన్ను తీసుకోవాలి, చిట్టీ రాసి స్టాంపు కొట్టాలి. వేపచెట్టు నీడలో ఒక టేబుల్, ఒక కుర్చీ ఇచ్చారు. కుర్చీకి ఒక కాలు పొట్టి. నౌకరీ టెంపరరీ. మే ఆఖరున తహసీల్దారు సాబ్ వచ్చి చూసి, పన్ను బాగా వస్తుంటే పర్మనెంట్ చేస్తాడట.

కష్టం ఎక్కడంటే, ఈ సంతలో ధర ఎవరూ నోటితో చెప్పరు. అమ్మేవాడూ కొనేవాడూ చేతులు కలుపుతారు, పైన తువాల కప్పుతారు, లోపల వేళ్ళు పట్టి బేరం చేస్తారు. ఒక్కో వేలుకు ఒక్కో లెక్క. చుట్టూ ఎంతమంది నిలబడ్డా వాళ్ళిద్దరికీ, బేరం కుదిర్చిన దళారికీ తప్ప ధర ఎవరికీ తెలియదు. ఆర్డర్‌లో మాత్రం గుమాస్తా ముందు ధర పెద్దగా చెప్పాలని ఉంది.

దళారులందరిలో పెద్ద మా మేనమామ సాయన్న. బడికి వచ్చిన నాటి నుంచి ఆయన ఇంట్లోనే తింటున్నాను, ఆయన ఇంట్లోనే పండుకుంటున్నాను. ఇవాళ అన్నం దగ్గర ఆయన నాతో ఒక్క మాట మాట్లాడలేదు.

6 ఏప్రిల్

మాట్లాడాడు. మాట్లాడకపోయినా బాగుండేది.

మా ఎద్దు ధర తెలిసి సర్కారు ఏం జేసుకుంటదిరా మల్లేశూ అన్నాడు. ధర అందరికీ తెలిస్తే ఇగ దళారి ఎందుకు, మేమంత ఇండ్లల్ల గోళ్ళు గిల్లుకుంట కూసోవాలె, నీ ఒక్కని నౌకరీకి మా అందరి నౌకరీలు పోవాల్నా అన్నాడు. నేను ఊరుకుంటానా? నిరుటిదాకా సంతను వేలం పాడుకున్న గుత్తేదారు సంగతి ఎత్తాను. కొమ్ముకింత, తోకకింత అని నోటికొచ్చినట్టు గుంజుకున్నాడు. నీళ్ళు తాగి ఎద్దు మూతి తడిస్తే కూడా పైసలే. ఇప్పుడు పన్ను నేరుగా సర్కారుకు పోతుంది, ఆ పన్నుతో సంతలో నీళ్ళ తొట్టి కడతారు, ఆర్డర్‌లో క్లియర్‌గా ఉంది అన్నాను.

గుత్తేదారును మొఖం మీద తిట్టేటోళ్ళం, సర్కారును యాడ దొరకబట్టి తిట్టాలె అన్నాడు మామ.

నన్ను తిట్టు, అందుకే కదా కుర్చీ వేసింది అన్నాను. జంగమ్మ అత్త కొంగు అడ్డం పెట్టుకొని నవ్వింది. మామ కూతురు జములమ్మ అడ్డం కూడా పెట్టుకోలేదు. నవ్వు అయిపోయాక నా పళ్ళెంలో ఇంత జొన్న గటక వేసి, తొట్టి ఎప్పుడు కడతరు అని అడిగింది.

ఆర్డర్‌లో తేదీ లేదు.

13 ఏప్రిల్

అసలు సంగతి ఇంకా రాయనేలేదు. జములమ్మను నాకిచ్చి చేయమని మా అమ్మ తిమ్మాజిపేట నుంచి వచ్చి ఎప్పుడో అడిగింది. అందరికీ ఇష్టమే. నాకు మరీ ఇష్టం. చిన్నప్పుడు మామ మా ఇద్దర్నీ మంచం మీద ఎదురెదురుగా కూర్చోబెట్టి, తువాల కప్పి, వేళ్ళ లెక్క నేర్పేవాడు. చింతగింజలకు బేరం ఆడేవాళ్ళం. ఎప్పుడూ ఆమే గెలిచేది. ఆమె చెయ్యి తగలగానే నాకు లెక్క తప్పేది.

నిన్న సంత నుంచి వచ్చాక మామ తేల్చేశాడు. ఆ కుర్చీల కూసున్నన్ని రోజులు నీకు నా బిడ్డనియ్య అన్నాడు. అత్త పొయ్యి దగ్గర్నుంచే అందుకుంది, నౌకరీ లేనోనికి నేనియ్య అని.

కుర్చీలో ఉంటే మామ ఇవ్వడు. దిగితే అత్త ఇవ్వదు. మరి నేను ఎక్కడ కూర్చోవాలి?

19 ఏప్రిల్

దళారులంతా ఒక్కటయ్యారు. ఇవాళ సంతలో ప్రతి ఎద్దూ పది రూపాయలకే అమ్ముడుపోయింది. మెడలు విరుచుకొని నిలబడ్డ కోడె పది. పళ్ళూడిన ముసలిది పది. బక్క లేగ కూడా పది. ఇదేం ధర అని మామ జోడీదారు బషీర్‌ను నిలదీశాను. అల్లా మీద ఒట్టు అనబోయాడు. అంత దూరం పోవడం మంచిది కాదనిపించిందేమో, బజార్ గట్లున్నది గుమాస్తా సాబ్, మేమేం జేస్తం అని ఊరుకున్నాడు.

కోపంతో లేచి స్టాంపు దబ్బున కొట్టి, మళ్ళీ దబ్బున కూర్చున్నాను. కుర్చీ పొట్టి కాలు విరిగింది. నేను కింద పడ్డాను. సంతంతా చప్పట్లు.

20 ఏప్రిల్

కుర్చీ పోయింది కదా, ఇప్పుడు పిల్లనిస్తావా అని మామను అడిగాను. చెంబు విసిరాడు. తగల్లేదు.

26 ఏప్రిల్

విరిగిన కాలు కింద రాయి పెట్టి కూర్చున్నాను. ఈసారి ఊరుకోలేదు. చేతుల మీద తువాల పడకముందే పోయి మధ్యలో నిలబడి, నోటితో చెప్పండి, నోటితో చెప్పండి అని అరిచాను. గొంతు పోయింది.

లింగాల నుంచి వచ్చిన ఒక రైతు, మేత లేక, ఎద్దుల జత అమ్ముకుంటున్నాడు. ధర అడిగితే నేల చూశాడు. రూల్ రూలే అన్నాను. చెప్పాడు. చాలా తక్కువ.

సంతంతా విన్నది. కాసేపటికి లింగాల వాళ్ళే ఇంకొందరు ఎద్దుల్ని తోలుకొచ్చారు. లింగాల ఎద్దులా, ఇందాక గంతకే పోయినయి గద అని కొనేవాళ్ళు అందర్నీ ఆ ధరకే దించేశారు. ఇది ఆర్డర్ రాసిన వాళ్ళకు తట్టలేదు. నాకూ తట్టలేదు. బాగా అనిపించలేదు.

అత్తా జములమ్మా సంతలో మజ్జిగ అమ్ముతారు. పోయి చెంబు చాపాను. అయిపోయింది అన్నది జములమ్మ. కుండ నిండుగా కనిపిస్తూనే ఉంది.

27 ఏప్రిల్

ఇంట్లో కూడా మజ్జిగ అయిపోయిందట.

3 మే

రెండు వార్తలు. రెండూ చెడ్డవే.

సంతను వాగు అవతలికి తీసుకపోతం, ఈ చెట్టు కింద ఒక్క పశువు కూడ నిలబడది అని దళారులు చెప్పేశారు. పన్ను రాకపోతే గుమాస్తాను తీసేసి సంతను మళ్ళీ గుత్తకు ఇస్తామని తహసీల్దారు సాబ్ కబురు పెట్టాడు. పాత గుత్తేదారు అప్పుడే వచ్చి నా టేబుల్ ఊపి చూసి పోయాడు, గట్టిగా ఉందా లేదా అని.

గుత్తేదారు మాట వినగానే మామ మొఖం మాడిపోయింది. అయినా తగ్గలేదు. నువ్వు తువాల జోలికి రాకు, నేను సంత జోలికి పోను అన్నాడు. సర్కారు రూల్ నా చేతిలో ఉందా అన్నాను. మరి ఎవని చేతుల ఉన్నదో ఆయన్నే కూసోబెట్టు ఆ రాయి మీద అన్నాడు. సర్కారు లేకపోతే రోడ్డెవడు వేస్తాడు, పశువుల దవాఖాన ఎవడు పెడతాడు అని నేను. దవాఖాన యాడున్నదిరా, నాకు సూపియ్యి అని ఆయన. అత్త మధ్యలో గుగ్గిళ్ళు తెచ్చి పెట్టింది. ఇద్దరం నోటి నిండా గుగ్గిళ్ళతో కొట్లాడుకున్నాం. సగం మాటలు లోపలికే పోయాయి.

పడుకుంటే భయమేసింది. నౌకరీ పోతే పోనీ. జములమ్మ?

10 మే

ఎట్లా రాయాలి? ఎద్దును కొన్నాను.

నిజంగానే. వాకిట్లో కట్టేసి ఉంది.

దళారులు రాకపోయినా సంగతి తెలియని బయటి బేపారులు కొందరు సంతకు వచ్చారు. వాళ్ళ వెనక మామా, బషీర్, మిగిలిన దళారులూ ఒక్కొక్కరే చూడ్డానికి చేరారు. రాయచూరు వైపు నుంచి వచ్చిన ఒకాయన కన్నడం తప్ప ఏమీ మాట్లాడడు. నేను గుమాస్తానని ఎరగడు. చిట్టీ కోసం ధర అడుగుదామని, నాకు వచ్చిన ఒక్క కన్నడ ముక్క, ఎష్టు, అన్నాను. ఆయన నవ్వి, తువాల కప్పిన చెయ్యి చాపాడు.

తువాల ముందుకొస్తే నా చెయ్యి నన్ను అడగదు. చిన్నప్పటి అలవాటు. లోపలికి పోయింది. ఆయన వేళ్ళు పట్టాడు. సరిగ్గా పట్టుకున్నానా లేదా అని అదే లెక్క నేను తిరిగి నొక్కాను, బడిలో పంతులు చెప్పింది తిరిగి అప్పజెప్పినట్టు.

తిరిగి నొక్కితే ఒప్పుకున్నట్టు. ఆ సంగతి ఈ సంతలో లేగలకు కూడా తెలుసు.

ఆయ్తు, అంటే కుదిరింది, అని అరిచి ఆయన పలుపు నా చేతిలో పెట్టాడు. పలుపు చేతికొస్తే బేరం తిరగదు. మామ వైపు చూశాను. రూల్ రూలే అన్నాడు మామ. పెళ్ళికని దాచుకున్నదంతా తెచ్చి ఆ బేపారి చేతిలో పోశాను.

అప్పుడు బషీర్ నెమ్మదిగా అడిగాడు. గుమాస్తా సాబ్, ధర ఎంత?

అందరూ మూగారు. పది రూపాయలు అంటే అయిపోయేది. వాళ్ళు కాచుకున్నది కూడా అదే. కానీ ఆ మాట అన్నాక ఏ మొఖం పెట్టుకొని ఇంకొకడిని ధర అడగను? నిజం చెబితే, ఈ బొక్కల గూటికి అంతనా అని నవ్వుతారు. లింగాల రైతు నేల ఎందుకు చూశాడో అప్పుడు తెలిసింది. నేనూ చూశాను. నేల మీద ఏమీ లేదు.

కుర్చీ ఎక్కాను. కింద రాయి కదులుతూనే ఉంది. అసలు ధర గొంతెత్తి చెప్పాను. ఎంతో ఇక్కడ మళ్ళీ రాయను. నా పేరు మీద నేనే చిట్టీ రాసుకొని, పన్ను నేనే కట్టుకొని, స్టాంపు కొట్టుకున్నాను.

కొందరు నిలబడలేక కూర్చొని నవ్వారు. బషీర్ రుమాలుతో కళ్ళు ఒత్తుకున్నాడు. నాక్కూడా నవ్వొచ్చింది, ఆపుకోలేదు. మామ ఒక్కడే నవ్వలేదు. దారిలో బషీర్‌తో, చూసినవా, పోరడు అబద్ధం ఆడలే అంటుంటే వెనక నుంచి విన్నాను.

జములమ్మ రెండు చెంబుల మజ్జిగ పోసింది. రెండోది అడక్కుండానే.

11 మే

ఎద్దు వెనక్కి నడుస్తుంది. మెడ మీద కాడి పెట్టగానే మొదలు. అందుకే అమ్మాడు మహానుభావుడు.

13 మే

ఇవాళ జములమ్మ నాకూ మామకూ మధ్య వచ్చి కూర్చుంది. ధర ఎందుకు అడుగుతవు, అమ్మిన ఒక్కో ఎద్దు పలుపుకింత అని తీసుకో, తువాల కింద వాళ్ళేమన్న అనుకోని అన్నది.

నాకు బుర్రలో ఏదో వెలిగింది, వెంటనే ఆరింది. ఉన్నోని కోడెకూ లేనోని లేగకూ ఒకటే పన్ను వేస్తే అదేం న్యాయం అన్నాను. మామ, అది గూడ నిజమే అన్నాడు. సర్కారు మాట నిజమే అనడం ఆయన జన్మలో మొదటిసారి. అని నాలుక కరుచుకున్నాడు.

అయితే లేగకు వద్దు, ముసలిదానికి సగం, కష్టం జేసేదానికి నిండా తీసుకో, పండ్లు సూస్తె తెలుస్తది గద అన్నది జములమ్మ.

పళ్ళు! ఎద్దు వయసు దాని నోట్లోనే ఉంటుంది. దానికి తువాల కప్పేవాడు లేడు. పండ్లు ఎవరు సూడాలె, దళారి అన్నాడు మామ. చిట్టీ ఎవరు రాయాలి, నేను అన్నాను. ఇద్దరి నౌకరీలూ అక్కడే ఉన్నాయి. ఇన్ని రోజులూ ఎందుకు కొట్లాడుకున్నామో ఒక క్షణం గుర్తు రాలేదు.

తర్వాత గుర్తొచ్చింది. తొట్టి ముందు కట్టాలె, పన్ను తర్వాత అన్నాడు మామ. పన్ను లేకుండా తొట్టి ఎట్లా అన్నాను. మళ్ళీ మొదలు. కానీ ఈసారి నవ్వుకుంటూ.

31 మే, శనివారం

తహసీల్దారు సాబ్ వచ్చాడు. దళారులు సంతను మళ్ళీ చెట్టు కిందికి తెచ్చారు, నేను మా పళ్ళ లెక్క ఆయన ముందు పెట్టాను. పళ్ళు చూసి పన్ను వేయడం ఏ రూల్‌లోనూ లేదు అన్నాడు. పాత గుత్తేదారు ఆయన పక్కనే గొడుగు పట్టుకొని నిలబడ్డాడు.

మామ ముందుకొచ్చాడు. దండం పెట్టి, మొత్తం సంగతి చెప్పాడు. లింగాల వాళ్ళ సంగతి కూడా. నా ఎద్దు సంగతి కూడా, చేతులూపుతూ. తహసీల్దారు సాబ్ నవ్వి నవ్వి, సరే పెద్దాయనా, పలుపుకు ఎంతిస్తారో ఆ తువాల కిందనే చెప్పు చూద్దాం అని సరదాగా చెయ్యి చాపాడు.

మామ తువాల తీసి భుజం మీద వేసుకున్నాడు. మా ధర మాదే సాబ్, తువాల కింద ఉంటది, మీ పన్ను పదిమందిది, అది పదిమందిల మాట్లాడాలె అన్నాడు.

తహసీల్దారు సాబ్ చాపిన చెయ్యి వెనక్కి తీసుకొని, కూర్చుందాం అన్నాడు. అందరూ నేల మీదే కూర్చున్నారు. మూడు పూటల బేరం ఒక్క పూటలో అయింది, అంతా నోటితో. పలుపుకింత అని బోర్డు మీద రాసి చెట్టుకు కట్టాలి. మొదటి పన్ను పైసలు తొట్టికే. గుత్త లేదు. గుత్తేదారు గొడుగు మూసుకొని పోయాడు.

పన్ను వద్దని ఇన్ని రోజులూ కొట్లాడిన మనిషి ఇవాళ పన్ను ఎట్లా ఉండాలో సర్కారుకు చెప్పాడు. నాకు గర్వమనిపించింది. ఇంటికొచ్చి ఆ మాట అంటే, గర్వం తర్వాత, ముందు ఆ ఎద్దుకు గడ్డి వెయ్యి అన్నాడు.

14 జూన్

పర్మనెంట్! కొత్త కుర్చీ వచ్చింది. నాలుగు కాళ్ళూ సమానం. అలవాటు లేక నడుం నొప్పి.

తొట్టి రాళ్ళు పరిచారు. సంత పక్క బావిలోంచి నీళ్ళు తోడాలి. మోట కొట్టేటప్పుడు ఎద్దులు ముందుకు పోయి బొక్కెన పైకి లాగుతాయి, తర్వాత వెనక్కి నడిచి బావి దగ్గరికి రావాలి. ముందుకు పోవడం మన ఎద్దు జత ఎద్దును చూసి నేర్చుకుంది. వెనక్కి నడవడంలో పెబ్బేరులో మన ఎద్దును మించింది లేదు. కనిపెట్టింది జములమ్మ. దాన్ని తొట్టి పనికి ఇచ్చేశాను, మోట తోలడానికి ఒక మనిషికి నౌకరీ దొరికింది. ఇవాళ పశువులన్నీ పైస లేకుండా తాగాయి.

ఆ కుర్చీ ఇప్పుడు ధర అడుగుతలేదు గద అన్నాడు మామ అత్తతో. నౌకరీ ఉన్నది గద అన్నది అత్త మామతో. నాకు ఎవరూ ఏమీ చెప్పలేదు. అమ్మకు కబురు పోయింది.

18 జూన్

పెళ్ళయింది.

చిటికెన వేళ్ళు పట్టుకొని నడుస్తుంటే కొంగుముడి వేసిన కండువా మా చేతుల మీదికి జారింది. దాని కింద జములమ్మ నా వేళ్ళు పట్టింది. లెక్క తప్పలేదు ఈసారి.

తిరిగి నొక్కాను.

ఎంతో చెప్పను.