నాయనమ్మ తిరగేసి కుట్టిన నియమం

చిరంజీవి తమ్ముడికి, అక్క దీవించి రాసేది.

ఇక్కడ మేమంతా క్షేమం. మేమంతా అంటే నేనూ, నా కుట్టుమిషనూ. నీ తాళాల కొట్టు ఎలా ఉంది? మరదలు ఎలా ఉంది?

ఈసారి నా క్రిస్మస్ కానుక నీకే. ఇవాళే పార్సిల్ చేయించాను. పెట్టె కాస్త పెద్దదే. పండగ ఉదయం దాకా విప్పకూడదు, తెలుసుగా. ఎన్నాళ్ళ నుంచో ఇవ్వాలనుకుంటూ వాయిదా వేస్తూ వచ్చాను. మొన్న డాక్టరుగారు ఇక ఆలస్యం చేయొద్దన్నారు, అందుకే ఈ తొందర. ఈ ఏడు పండక్కి రాలేను. ప్రయాణం కూడా వద్దన్నారు. దిగులుపడకు.

ప్రేమతో,
అక్క

తా.క. పెట్టెని చెవి దగ్గర పెట్టుకుని ఊపకు. నీ సంగతి నాకు తెలుసు.

*

అక్కకి, తమ్ముడు నమస్కరించి రాసేది.

పెట్టె చేరింది. ముందు గదిలో బల్ల మీద పెట్టాం. అప్పటినుంచి నేను వెనక గుమ్మంలోంచి కొట్టుకి వెళ్తున్నాను.

దిగులుపడకు అంటావు. నువ్వు ఆ మాట అన్న ప్రతిసారీ ఇంట్లో ఏదో ఒక కొంప మునిగింది. అయినా మన ఇంట్లో క్రిస్మస్ కానుక ఊరికే వస్తుందా? ఎవరికి అన్యాయం చేశామో వాళ్ళకే కానుక ఇవ్వాలి, విప్పేటప్పుడు ఆ తప్పు అందరి ముందూ ఒప్పుకోవాలి. నాయనమ్మ పెట్టిన నియమం నువ్వు మరిచిపోయావా? చిన్నాన్న ఓ గొడుగిచ్చి ఒప్పుకున్న తప్పుకి పిన్ని ఎనిమిది నెలలు పుట్టింట్లో ఉంది. నీ పెట్టె ఆ గొడుక్కి నాలుగింతలుంది!

ఏం చేశావక్కా? నా పెళ్ళికి ముందు సంగతులు నీ మరదలి చెవిన వేశావా? నాన్న ఫొటో పోగొట్టావా? ఏదైనా సరే, నేనూ తక్కువ తినలేదు గనక నావి ముందే రాసేస్తున్నాను. నీ అద్దం పగలగొట్టింది పిల్లి కాదు, నేను. చర్చిలో నువ్వు పాడుతుంటే చెవుల్లో దూది పెట్టుకుందీ నేనే.

ఎంతటి మొండి తాళాన్నైనా నిమిషంలో తీసేస్తాను. నువ్వు కట్టిన ఆ పురికొస ముడి మీద మాత్రం చెయ్యి వేయలేకపోతున్నాను.

భయంతో,
తమ్ముడు

తా.క. నేను ఊపలేదు. నీ మరదలు ఊపింది. మెత్తగా ఉందట. మెత్తని తప్పులు మరీ ప్రమాదం కదక్కా!

*

మా ఇంటి పిరికిపందకి, అక్క దీవించి రాసేది.

పాపం ఆ పిల్లికి రెండు రోజులు పాలు పోయలేదురా. ఇప్పుడు దానికి కానుక ఎక్కడని ఇవ్వను? దూది సంగతి నాకు అప్పుడే తెలుసు. చెవిలోంచి వేలాడుతుంటే కనపడదూ?

నువ్వు ఊహించినవేవీ కాదు. ఇది వాటికన్నా పాతది, చాలా పెద్దది. విప్పినప్పుడు నీకే తెలుస్తుంది. నేను మాత్రం పనులన్నీ ఒక్కొక్కటే ముగించుకుంటున్నాను. ఒప్పుకున్న బట్టలు కుట్టి ఇచ్చేశాను, కొత్తవి తీసుకోవడం లేదు. మిషను పక్కింటి అమ్మాయికి అప్పజెప్పాను. పాస్టరుగారు వచ్చి ప్రార్థన చేసి వెళ్ళారు. ఇప్పుడు మనసు తేలికగా ఉంది.

ప్రేమతో,
అక్క

తా.క. ఈసారి దిగులుపడకు అని రాయడం లేదు, చూశావా?

*

అక్కా, అక్కా, అక్కా,

నమస్కారాలు తర్వాత. డాక్టరు ఆలస్యం వద్దన్నాడు, కొత్త బట్టలు తీసుకోవడం లేదు, మిషను అప్పజెప్పావు, పాస్టరుగారు ప్రార్థన చేశారు. నేను తాళాలవాణ్ణే గానీ తెలివితక్కువవాణ్ణి కాను. నువ్వు మమ్మల్ని వదిలి వెళ్ళిపోతున్నావు. పొద్దుటినుంచి కొట్టు తెరవలేదు. తాళంచెవి పోగొట్టుకుని ఇంట్లోకి వెళ్ళలేని ఒక పెద్దాయన మా గుమ్మంలో కూర్చున్నాడు. ఆయనే నన్ను ఓదారుస్తున్నాడు.

నువ్వు ఉండగానే ఇది చెప్పాలి. నాకు పన్నెండేళ్ళప్పుడు నీకు నర్సు ట్రైనింగులో సీటొచ్చింది. ఆ ఉత్తరం పోస్టుమాన్ నా చేతికిచ్చాడు. అప్పటికి అమ్మ పోయి ఏడాది కూడా కాలేదు. నువ్వూ వెళ్ళిపోతే ఆ ఇంట్లో నన్ను పేరు పెట్టి పిలిచేవాళ్ళు ఎవరుంటారని భయమేసింది. కవరు తీసుకెళ్ళి నీ కుట్టుమిషను చెక్క కింద దాచేశాను. నువ్వు రోజూ గేటు దగ్గర పోస్టుమాన్ కోసం నిలబడేదానివి. నేను కిటికీలోంచి చూసేవాణ్ణి. చూసి కూడా చెప్పలేదక్కా. తర్వాత తీసిద్దామని వెతికితే అక్కడ లేదు. ఎలుకలు కొట్టేశాయనుకున్నాను.

నియమం ప్రకారం ముప్పై ఏడేళ్ళుగా నా కానుక నీకే రావాలి. నోరు విప్పే ధైర్యం లేక, పెళ్ళైనప్పటినుంచీ ఏటా డిసెంబరు మొదటివారంలో నీ మరదలితో కావాలని గొడవ పెట్టుకుని కానుక తనకి ఇచ్చేస్తున్నాను.

నన్ను క్షమించకపోయినా పర్వాలేదు. నువ్వు బతికుండు, అంతే చాలు.

నీ
తమ్ముడు

తా.క. ఈ ఉత్తరం నీ మరదలు చదివింది. ఈ ఏడు డిసెంబరు గొడవ నేను పెట్టుకోనక్కర్లేకుండానే జరుగుతోంది.

*

చిరంజీవి తమ్ముడికి, ఇంకా బతికే ఉన్న అక్క దీవించి రాసేది.

నాకు వచ్చింది చావు కాదురా, కంట్లో శుక్లం. జనవరిలో ఆపరేషన్. ఆ తర్వాత కొన్నాళ్ళు సూది ముట్టుకోకూడదట. చూపు పూర్తిగా మసకబారకముందే నీకో కోటు కుట్టాలనుకున్నాను. పెట్టెలో ఉన్నది అదే. ముందు వెళ్ళి కొట్టు తెరువు. ఆ పెద్దాయన ఇంకా గుమ్మంలోనే ఉన్నాడేమో.

కోటు లోపలి జేబులో ఒక కవరుంది. దాని మీద నా పేరూ, ఒక నూనె మరకా ఉంటాయి. ఎలుకలేవీ కొట్టలేదు. మిషనుకి నూనె వేద్దామని ఎత్తితే నాకే దొరికింది. అప్పటికి ట్రైనింగులో చేరే గడువు దాటి ఇరవై రోజులైంది. నీ వీపు విమానం మోత మోగిద్దామన్నంత కోపం వచ్చింది. సరిగ్గా అప్పుడే నువ్వు బడినుంచి వచ్చి, సంచి కూడా దించకుండా, నేనున్నానో లేదోనని వంటగదిలోకి తొంగిచూశావు. కవరు దాచేసి నీకు అన్నం పెట్టాను. అలాగని వెంటనే క్షమించేశానని అబద్ధం ఎందుకు చెప్పాలి? చాలా ఏళ్ళు పట్టింది.

పార్సిల్ పంపకముందు పాస్టరుగారికి మన నాయనమ్మ నియమం చెప్పాను. ఆయన నవ్వి, "పశువుల తొట్టిలో బాలయేసుగా మనకిచ్చిన కానుక మరి ఏ తప్పుకమ్మా? దేవుడు మనకేం అన్యాయం చేశాడు?" అన్నారు. తప్పు మనది, కానుక ఆయనది. నాయనమ్మ బట్టని తిరగేసి కుట్టిందిరా! ఇన్నాళ్ళూ మనం జరిమానాకి రిబ్బను కట్టి కానుక అనుకున్నాం. అందుకే ఈసారి నాకు అన్యాయం చేసినవాడికే ఇస్తున్నాను. అదీ నువ్వు ఒప్పుకోకముందే. పార్సిల్ మీద తేదీ చూసుకో.

ఆ కవరు నీ చేత్తోనే చింపెయ్. కోటు తొడుక్కుని ఆపరేషన్ రోజుకి వచ్చి నా పక్కన కూర్చో. ఎవరికీ చెప్పలేదు గానీ, నాకూ భయంగానే ఉందిరా.

ప్రేమతో,
అక్క

తా.క. ఆ కవరు దొరికాక మూడేళ్ళపాటు నీ బడి చొక్కాల గుండీలు కావాలనే ఒంటిపేట దారంతో కుట్టాను. బడి వార్షికోత్సవంలో స్టేజి మీద నీ చొక్కా విచ్చుకుంది అందుకే. కాబట్టి నాయనమ్మ నియమం ప్రకారం చూసినా ఈ కోటు నీకే రావాలి. గుండీలు ఈసారి నాలుగు పేటల దారంతో కుట్టాను. నువ్వు ఊడినా అవి ఊడవు.