దీపాల వేళ కరెంటు

ఏప్రిల్ 4, 2002

మీటరు మార్చేశారు. నేను ఈ ఇంటికి కోడలిగా వచ్చిన నాటి నుంచీ గుమ్మం పక్కన తిరుగుతున్న చక్రం — పోయింది. దాని చోట తెల్ల డబ్బా. ముఖాన ఎర్ర లైటు, కొట్టుకుంటూనే ఉంటుంది.

బిగించిన మనిషి నిచ్చెన దిగుతూ ఊరుకోవచ్చు కదా! "ఇది పాతదానిలా కాదండీ ఆయ్, ఏ టైములో ఎంత కాల్చారో కూడా ఇందులో పడిపోద్దంట. ఫ్యాక్టరీలకి సాయంత్రం రేటు వేరేనంటండి. రేపో మాపో ఇళ్ళకీ పెట్టేస్తారంటున్నారు." అనేసి, మజ్జిగ తాగేసి, వెళ్ళిపోయాడు. అత్తయ్యగారు గుమ్మంలోనే నిలబడిపోయారు. వీధి మలుపు దాకా కేక — "సాయంత్రమంటే ఎప్పట్నించి బాబూ?"

"దీపాల వేళ నించి మామ్మగారూ!"

అన్నవాడు బాగానే ఉన్నాడు. ఇక రోజూ వినాల్సింది నేను.

ఏప్రిల్ 6

వీధంతా ఇదే గోల. తెల్లారకుండానే ప్రతి ఇంట్లో గ్రైండరు. సాయంత్రం అయ్యేసరికి చావు ఇళ్ళలా చీకటి. మా స్కూలు టీచర్లు కూడా నమ్మేశారు. చదువుకున్నవాళ్ళం!

ఏప్రిల్ 9

అత్తయ్యగారి శాసనాలు. దీపాల వేళ దాటాక ఇస్త్రీ లేదు, మిక్సీ లేదు, టీవీ లేదు. ఒక్క బుడ్డిదీపం. ఒక్క ఫ్యాను — అదీ మా అమ్మాయి కెజియ మంచం దగ్గరిది. రాత్రి ఫ్రిజ్ తలుపు తియ్యకూడదు, చల్లదనం పోతుందట. మంచినీళ్ళు కుండలోవే.

"ఇదంతా ఎవరికోసమమ్మా? దాని మందు కోసమే కదా!"

అక్కడితో నా నోరు మూత పడుతుంది. తొమ్మిదేళ్ళ పిల్లకి షుగరు. పొద్దున్నా సాయంత్రం ఇంజక్షను. ఆ సీసా కోసమే ఈ ఇంట్లోకి ఫ్రిజ్ వచ్చింది, ఎవరో వాడి వదిలేసినది. తలుపు అరలో, కోడిగుడ్ల పక్కన దాని చోటు.

"అత్తయ్యగారూ, మీరేం ఆపినా ఆపండి. ఫ్రిజ్ జోలికి మాత్రం వెళ్ళకండి" అన్నాను.

"నాకు తెలీదేంటమ్మా! మందు చల్లగా ఉండాలి. అంతే కదా?"

"అంతేనండీ."

ఏప్రిల్ 14

కుటుంబ ప్రార్థన చీకట్లో. పాటల పుస్తకం కనబడదు. కంఠతా వచ్చినవే దిక్కు. ఈయన ఒక చరణం, నేను ఇంకో చరణం, అత్తయ్యగారు ఏకంగా వేరే పాట. కెజియ నోరు మూసుకుని కిసకిస... "ప్రభువుకి చీకట్లో కూడా కనపడుద్దే, పళ్ళు ముయ్యి" అన్నారు అత్తయ్యగారు. దాంతో నాకూ ఆగలేదు. చాలా రోజులైంది ఇలా నవ్వి.

ఏప్రిల్ 18

ఫ్రిజ్ కింద మళ్ళీ నీళ్ళు. ఈ కరెంటు కోతలు... తుడిచాను.

ఏప్రిల్ 21

పొద్దున్నే కెజియ మూత్రం పరీక్ష. గాజు గొట్టంలో నీలం మందు, అందులో చుక్కలు, దీపం మీద కాచడం. నీలంగా ఉంటే ఆ రోజు పండగ. ఇవాళ ఆకుపచ్చ అయింది, చూస్తుండగానే పసుపు. నిన్న ఏం పెట్టాను? ఏమీ పెట్టలేదు.

ఇంజక్షను సీసాలో పేలికల్లాంటివి తేలాయి. అరచేతుల మధ్య దొర్లిస్తే కలిసిపోయాయి. వేసేశాను.

ఏప్రిల్ 23

ఇటుక రంగు.

ఏప్రిల్ 24

మళ్ళీ ఇటుక రంగు. అంటే ఒళ్ళంతా చక్కెరే.

తింటోంది. దొంగతనంగా తింటోంది, ఇంకేముంది! మంచం కింద చూశాను, పుస్తకాల సంచీ దులిపాను. మామిడితాండ్ర డబ్బా తీసి చూశాను — తగ్గిందా? "నేనే తిన్నానేమో" అంటారు ఈయన. ఏమో అంటే? రైసుమిల్లులో బస్తాల లెక్క తప్పని గుమస్తాగారికి తాను తాండ్ర తిన్నదీ లేనిదీ తెలియదు.

ఏప్రిల్ 26

కొట్టాను.

"తిన్నావా?"

"లేదమ్మా."

వీపు మీద ఒకటి. "తిన్నావా?"

"లేదమ్మా..."

ఇంకోటి. అప్పుడు — "తిన్నానమ్మా."

"ఏం తిన్నావు?"

కాసేపు ఆలోచించింది. "తాండ్ర."

నిజం చెప్పడానికి అంత ఆలోచన దేనికో. అత్తయ్యగారు అడ్డం వచ్చి దాన్ని పొట్లంలా చుట్టేసుకున్నారు. "పసిదాన్ని అలా బాదేస్తావేంటమ్మా, నోరు కట్టుకోమంటే పెద్దవాళ్ళ వల్లే కాదు!" తాండ్ర డబ్బా తన పెట్టెలో పెట్టి తాళం వేసుకున్నారు. రాత్రి కెజియ నా పక్కన పడుకోలేదు.

ఏప్రిల్ 30

రాజమండ్రి. డాక్టరుగారు నవ్వేశారు. "సెలవులు, మామిడిపళ్ళ రోజులు. పిల్లలందరూ ఇంతేనమ్మా." డోసు పెంచారు.

తిరుగు బస్సు. బ్రిడ్జి వస్తే చాలు కిటికీలోంచి సగం బయటికి వేలాడే పిల్ల — ఇవాళ గోదారి వైపే చూడలేదు. నీళ్ళ సీసా నోటికి పెట్టుకుని ఆ చివరి నుంచి ఈ చివరికి ఖాళీ చేసింది.

మే 4

పెంచినా అంతే. ఫోను చేస్తే డాక్టరుగారు ఇంకా పెంచమన్నారు. చెంబులకి చెంబులు తాగుతోంది. గౌను భుజాల మీంచి జారిపోతోంది. ఎముకలు లెక్కపెట్టొచ్చు.

"ఎవరు పెడుతున్నారే నీకు?"

గోడ వైపు తిరిగి పడుకుంది.

అత్తయ్యగారి మీద కూడా అనుమానం నాకు. ముద్దు చేసి ఆవిడే పెడుతున్నారేమో... పైకి అనలేదు గానీ చూపులో ఉండే ఉంటుంది.

మే 7

దేవా, ఆ పిల్ల నోరు కట్టు. లేదంటే నా నోరు కట్టు.

మే 9

పాత సీసా పొద్దున్నతో అయిపోయింది. ఈయన రాజమండ్రి వెళ్ళి కొత్తది ఫ్లాస్కులో తెచ్చారు. దీపాల వేళకి చేరారు. తెచ్చింది తెచ్చినట్టే తీసి

మే 10

రాజమండ్రి ఆసుపత్రి. నిన్న రాస్తున్నది సగంలో ఆపి లేచాను, ఎవరో వచ్చారని.

వచ్చింది మా చర్చి ఉపదేశిగారు. అప్పటికే ఇంజక్షను వేసేశాను, పెంచిన డోసే. వెంటనే అన్నం వడ్డించాలి. "ప్రార్థన అయ్యాక తినొచ్చులే" అన్నారు అత్తయ్యగారు. ఉపదేశిగారి ప్రార్థన — ఊళ్ళో ప్రతి ఇంటినీ పేరుపేరునా తలుచుకుంటే గానీ ఆమెన్ అనరు. బుడ్డిదీపం. కెజియ నా ఒళ్ళోకి ఒరిగింది. నిద్ర అనుకున్నాను. ఒళ్ళంతా చెమట — ఉక్క అనుకున్నాను. ఆమెన్ అన్నాక లేపితే లేవలేదు. అప్పుడు వేశాం లైటు. పెదాలు సున్నం కొట్టినట్టున్నాయి. కళ్ళు పైకి. తర్వాత ఒకటే కొట్టుకోవడం... మిల్లు ఓనరుగారి కారులో తెచ్చాం. దారంతా దాని పళ్ళ మధ్య నా వేలు.

లైటు ఉంటే ముందే చూసేదాన్ని. చూసేదాన్ని కదా!

షుగరు పడిపోయిందట. ఇన్నాళ్ళూ ఆకాశంలో ఉన్నది, ఒక్కసారిగా అడుక్కి. గ్లూకోజు ఎక్కుతోంది. కళ్ళు తెరిచింది గానీ నన్ను చూడడం లేదు.

మే 11

డాక్టరుగారు ఇవాళ నవ్వలేదు. "మొన్నటిదాకా ఈ డోసు చాల్లేదు. కొత్త సీసాతో ఒక్కసారికే ఇంత పడిపోయింది. అంటే పాత సీసాలో మందు చచ్చిపోయి ఉండాలమ్మా. ఎక్కడ పెట్టేవారు?"

"ఫ్రిజ్‌లోనేనండీ. తలుపు అరలో."

"గడ్డ కట్టలేదు కదా? ఒక్కసారి ఐసు అయిందంటే ఇక అది మందు కాదు, నీళ్ళే."

"లేదండీ" అన్నాను. నేను చదువు చెప్పేదాన్ని, ఆ మాత్రం తెలియదా అన్నట్టు.

మే 12

బట్టల కోసం ఇంటికి వెళ్ళాను. చేరేసరికి దీపాల వేళ. వంటింట్లో చప్పుడు.

అత్తయ్యగారు. ఫ్రిజ్ లోపలి ఐసుపెట్టె తెరిచి ఉంది. తెల్లగుడ్డలో చుట్టిన చిన్న సీసా, నిన్నమొన్నటి కొత్త సీసా — ఐసుముక్కల మధ్య కూరుస్తున్నారు. పసిబిడ్డని పడుకోబెట్టినట్టు. తలుపు మూశారు. స్విచ్చి ఆపారు. ఫ్రిజ్ గుర్రుమనడం ఆగిపోయింది. ఈ చప్పుడు సాయంత్రాలు వినబడడం లేదని నేను ఎప్పుడూ గమనించనే లేదు.

"ఎప్పట్నించి అత్తయ్యగారూ ఇలా?"

"మీటరు మార్చిన వారం నించీనమ్మా. రేటెక్కువ వేళంతా ఆపేసి, తొలికోడికి లేచి వేసేసి, సీసా మళ్ళీ తలుపు అరలో పెట్టేస్తున్నా. మందుకేం భయం లేదు. ఐసులో కూరితే చేపలు కాకినాడ నించి మన సంతకి చెడకుండా రావట్లేదూ? నా మనవరాలి మందు ఉక్కలో వదిలేస్తానా?"

ముఖం వెలిగిపోతోంది. నా మెప్పు కోసం చూస్తున్నారు.

మా అత్తయ్యగారి నోట్లో నువ్వుగింజ నానదు. ఇది మాత్రం ఎలా దాచారు అనుకున్నాను. దాచలేదు. నేను అడగలేదు, అంతే. చల్లగా ఉండాలి అంతే కదా అని ఆవిడ అడిగితే, అంతేనండీ అన్నది నేనే.

బట్టలు మడిచాను. ఆవిడ పెరట్లోకి వెళ్ళగానే సీసా తీసి కొంగున కట్టుకున్నాను, బస్సెక్కే ముందు కాలవలో పడేశాను.

కెజియ ఏమీ తినలేదు. ఒక్క ముక్క తినలేదు. తిన్నాననే దాకా కొట్టాను.

మే 13

ఈయనకి చెప్పాను. ఆసుపత్రి వరండాలో కూలబడిపోయారు. "అమ్మతో అనకు. అంటే బతకదు."

"మరి కెజియ?"

"దానికి మనం చెబుదాం."

"వెళ్ళి మామ్మని అడగదా?"

కళ్ళు ఒత్తుకున్నారు. ఏ మాటా అటూ ఇటూ తేల్చని మనిషి. కోపం వస్తోంది. ఏడుస్తున్న మనిషి మీద ఎంతసేపని కోప్పడను?

మే 15

ఈయన ఊరెళ్ళి వచ్చారు. బిల్లు కొట్టే ఆయన వీధిలో కనబడితే అడిగారట. "సాయంత్రం రేటా? ఇళ్ళకి అలాంటిదేం లేదండీ! పొద్దున్న కాల్చినా రాత్రి కాల్చినా ఒకటే. ఎవరు చెప్పారండీ బాబూ?"

నవ్వాడట.

మే 16

మాట్లాడింది! మాట ముద్దగా ఉంది. కుడిచేతికి పట్టు లేదు, చెంచా జారిపోతోంది. వస్తుందో రాదో చూద్దాం అంటున్నారు. బళ్ళో అందరికంటే గుండ్రని రాత దానిది.

మొదటి మాట — "ఇంకెప్పుడూ తిననమ్మా."

"నువ్వు తినలేదే తల్లీ. నాకు తెలుసు. నాదే తప్పు."

నా ముఖంలోకి అలా చూసింది. నమ్మలేదు. "తిన్నానుగా, తాండ్ర" అంది. నన్ను చూసి భయమో, తిన్నాననే అనుకుంటోందో. మరి షుగరు ఎందుకొచ్చిందమ్మా అని అడిగితే నా దగ్గర చెప్పడానికి ఒక్కటే ఉంది. అది చెప్పకూడదట.

మే 20

ఇంటికి తెచ్చాం. చూడడానికి వచ్చినవాళ్ళంతా "నోరు కట్టుకోవాలి తల్లీ" అని దానికి బుద్ధి చెప్పి వెళ్ళారు. ఒక్కొక్కరి మాటకీ తల ఊపింది. నేను కాఫీలు ఇచ్చాను.

అత్తయ్యగారు అన్నం మానేసి కూర్చున్నారు దాని పక్కన. ఆ కుడిచేతిని తన రెండు చేతుల్లో పెట్టుకుని రుద్దడమే పని. "ఎందుకు తిన్నావే బంగారం? తాళం వేసినా ఎలా తీశావే? ఎంత ప్రాణం మీదికి తెచ్చుకున్నావో చూడు."

"తప్పయిపోయింది మామ్మా."

నేను నోరు తెరిచాను. ఈయన గుమ్మంలోంచి చూసి, తల అడ్డంగా ఊపారు. మూసుకున్నాను.

ఇప్పుడే ఇంజక్షను వేశాను. ముందే అన్నం కలిపి పెట్టుకుని, లైటు వేసి. "ఈ వేళ లైటెందుకమ్మా" అన్నారు అత్తయ్యగారు, ఇళ్ళకి ఆ రేటు లేదని ఈయన చెప్పినా నమ్మకుండా. వెలగనివ్వండి అన్నాను, గట్టిగానే. అదేమీ పట్టించుకోకుండా నా ముందుకొచ్చి చెయ్యి చాపారు. "సీసా ఇటియ్యమ్మా. ఐసులో పెట్టేసి ఫ్రిజ్ ఆపేస్తాను."

ఉండండి అని గదిలోకి వచ్చి గడియ పెట్టుకున్నాను. సీసా ఈ పేజీ పక్కనే ఉంది. చెబితే ఆవిడ పోతారు. చెప్పకపోతే ఈ పిల్ల జన్మంతా దొంగే. ఈయన బయట ఊరికే దగ్గుతున్నారు. ఆవిడ తలుపు దగ్గరే నిలబడి ఉన్నారు, కింది సందులోంచి పాదాలు కనబడుతున్నాయి.

"ఏంటమ్మా, ఏమైంది?"

ఆవిడ వెనక నుంచి కెజియ, ముద్దముద్దగా — "మామ్మకి ఇచ్చెయ్యమ్మా. మామ్మ జాగ్రత్తగా పెడుతుంది."