సంచి మీద రాయని అంకె

అమ్మకు,

నీ పెద్దమ్మాయి నమస్కరించి రాస్తున్నది. ఇక్కడ మీ అల్లుడు, పాప, నేను ఒంట్లో బాగానే ఉన్నాం. నాన్న మోకాలి నొప్పి తగ్గుముఖం పట్టిందని చెల్లి చెప్పింది. నీ సంగతి మాత్రం ఎప్పటిలాగే తెలియలేదు. పిల్లికూనల గురించి నాలుగు పేజీలు రాస్తావు, నీ గురించి ఒక్క ముక్క రాయవు. ఫోనులో నీకు సగం మాటలు వినపడవు కనుక మనకు ఈ ఉత్తరాలే దిక్కు. ఈసారి కాస్త పొడుగ్గా రాస్తున్నాను. కళ్లజోడు పెట్టుకుని, కుట్టుమిషను పక్కన పెట్టి, తీరిగ్గా కూర్చుని చదువు.

పాపకు ముందు పన్ను ఊడింది. దాన్ని కాగితంలో పొట్లం కట్టి నా చేతికిచ్చి, "మీ ఆఫీసులో కాల్చి చూడమ్మా, ఎంత బూడిదొస్తుందో" అంది. పిల్లితిండి కంపెనీ ప్రయోగశాలలో నేను రోజూ ఏం పని చేస్తానో దానికి బాగానే అర్థమైంది. మీ అల్లుడికే ఇంకా అర్థం కాలేదు. ఎవరైనా అడిగితే "మా ఆవిడ పిల్లుల వంట రుచి చూస్తుంది" అని చెబుతున్నారు.

బూడిద అన్నాను కనుక నీ మొదటి ప్రశ్నతోనే మొదలుపెడతాను. పిల్లితిండి సంచి మీద 'బూడిద ఏడు శాతం' అని ఉంది, తినే తిండిలో బూడిద ఎందుకు కలుపుతారు అని అడిగావు. ఎవరూ కలపరమ్మా. చెంచాడు తిండిని కొలిమిలో పెట్టి కాలుస్తాం. కాలేదంతా కాలిపోయాక గిన్నె అడుగున తెల్లగా మిగిలేదే బూడిద. ఎముక కట్టడానికి కావలసిన సున్నం, భాస్వరం అందులోనే ఉంటాయి. కూనలకు సున్నం భాస్వరం కంటే కొంచెం ఎక్కువ ఉండాలి, మరీ ఎక్కువ కాకూడదు. ఆ పొత్తు చెడితే ఎదిగే వయసులో కాళ్లు వంకరపోతాయి.

రెండోది, మాంసకృత్తులు ముప్పై నాలుగు అని ఉంటే మంచిదేనా అన్నావు. అంకె మంచిదే. అయితే ఆ అంకె ఎలా వస్తుందో చెబితే నవ్వుతావు. మేము మాంసకృత్తులను నేరుగా కొలవం. తిండిలో ఉన్న నత్రజనిని కొలిచి ఒక లెక్క ప్రకారం హెచ్చవేస్తాం. ఆ యంత్రానికి కోడిమాంసమూ ఒకటే, కోడి ఈకలూ ఒకటే. కూన పొట్టకు మాత్రం ఒకటి కాదు. అందుకే అంకె చూసి ఊరుకోకుండా దాని కింద చీమ తలకాయంత అక్షరాల్లో ఉండే పదార్థాల వరుస చదవాలి. బరువులో ఎక్కువ ఉన్నది ముందు రాస్తారు. మొదట మాంసమో చేపో కనపడాలి. 'ఎదిగే కూనలకు' అని విడిగా రాసి ఉండాలి. పెద్ద పిల్లుల తిండి పెడితే కూనకు కడుపు నిండుతుంది కానీ ఒళ్లు కట్టదు. టారిన్ అనే మాట ఉందో లేదో కూడా చూడు. అది పిల్లి తన ఒంట్లో తాను సరిపడా తయారుచేసుకోలేదు. తిండిలో అందకపోతే చూపూ గుండే దెబ్బతింటాయి.

ఇవన్నీ ఎందుకు అడుగుతున్నావో కూడా రాశావు. "ఇకమీదట నా చేతుల్లో తప్పు జరగకూడదు, అందుకని సంచి చదవడం నేర్చుకుంటున్నాను" అన్నావు. ఆ వాక్యం చదివాక ఆ రోజు నేను అన్నం ముందు కూర్చోలేకపోయాను.

నీ మూడో ప్రశ్న, చెల్లి ఉన్నట్టుండి ఇంటికొచ్చి ఆ సంచులు పక్కన పెట్టించింది ఎందుకని. నేనే చెప్పించాను. కారణం చెప్పవద్దని ఒట్టు కూడా పెట్టించాను. అది నీకు నేనే చెప్పాలి. ఈ వాక్యం దాకా వచ్చి ఇప్పటికి రెండు కాగితాలు చింపేశాను.

మూడు నెలల క్రితం ఒక సోమవారం. పిండిని ఆవిరితో ఉడికించి ముక్కలుగా బయటికి తోసే పెద్ద యంత్రం ఉంటుంది మా దగ్గర. ఆ రోజు దాని వేడిని అదుపు చేసే మీట పాడైంది. ఎండబెట్టే గది మేస్త్రి, నాన్న వయసాయన, దోసిట్లో ముక్కలు పట్టుకుని నా గదికి వచ్చాడు.

"వాసన చూడండమ్మా. మాడినట్టు లేదూ? రంగు కూడా కాస్త నల్లబారింది. ఇరవై ఏళ్లుగా చూస్తున్నా, ఇలా ఎప్పుడూ రాలేదు."

వాసన చూశాను. నిజమే. ఎప్పుడూ చేసే నాలుగు పరీక్షలూ చేశాను. మాంసకృత్తులు, కొవ్వు, తేమ, బూడిద నాలుగూ సరిగ్గానే వచ్చాయి. కానీ అమ్మా, బి-వన్ అనే విటమిన్ ఒకటి ఉంది. అది వేడికి తట్టుకోదు. వండేటప్పుడు కొంత పోతుందని ముందే ఎక్కువ కలుపుతాం. వేడి హద్దు దాటితే ఆ ఎక్కువ కూడా మిగలదు. దాని అంకె సంచి మీద రాయరు, మా గదిలో కొలిచే సాధనమూ లేదు, బయటి ప్రయోగశాలకు పంపాలి. వేడి హద్దు దాటిన రోజున ఆ ఫలితం వచ్చేదాకా సరుకు గడప దాటకూడదన్నది మా నియమం. ఆ నియమం రాసిన కాగితం నా బల్ల మీదే అంటించి ఉంటుంది.

మేనేజరు గుమ్మంలో నిలబడి, "లారీ వచ్చి కూర్చుంది. నాలుగూ బాగానే ఉన్నాయిగా, ఇంకేంటి ఆలస్యం?" అన్నారు.

ఆయన కోప్పడలేదు. నన్ను బెదిరించలేదు. 'ఒక్క పూట ఆగండి సార్' అంటే ఏమనేవారో కూడా నాకు తెలియదు, ఎందుకంటే నేను అనలేదు. సంతకం పెట్టాను. బయటికి పంపవలసిన నమూనా కూడా పంపలేదు. ఏమీ కాదులే అనుకున్నాను. ఆ వారమే మా ఉద్యోగులకిచ్చే సంచుల్లోంచి రెండు నీకు పంపాను. అవి ఆ సోమవారం సరుకే.

నువ్వు పీలికల పెట్టెలో దొరికిన నాలుగు కూనలకూ ఆ తిండి పెట్టావు. కత్తెర, దారం, బొంత, గుండీ అని పేర్లు పెట్టి, రోజూ వంటింటి కాటా మీద తూచి, చొక్కా కొలతలు రాసినట్టు వరసగా రాసి నాకు పంపావు. మూడో వారానికి ఆ అంకెలు పెరగడం ఆగిపోయింది. తరవాత తగ్గాయి. "తిండి ముందు కూర్చుని వాసన చూసి వెళ్లిపోతున్నాయి. తల గుండెకేసి వంచుకుంటున్నాయి. తాగినవాళ్లలా తూలుతున్నాయి. అందరికంటే గుండీ మరీను" అని రాశావు.

దానికి నేనేం జవాబు రాశానో నీకు గుర్తుండే ఉంటుంది. "నీ కాటా పాతది, తూకం సరిగ్గా వేస్తున్నావా? పాలు పోస్తున్నట్టున్నావు, అందుకే పొట్టలు పాడై నీరసించాయి. తిండిలో తప్పు లేదు, నేనే పరీక్ష చేసి సంతకం పెట్టాను" అన్నాను.

అమ్మా, ఆ జవాబు రాసేటప్పుడే నాకు అనుమానం ఉంది.

అనుమానం అని మెత్తగా అంటున్నాను. తల గుండెకేసి వంచడం, తూలడం ఏ లోపానికి గుర్తో నేను చదువుకున్నాను. నీ ఉత్తరం చదవగానే మేస్త్రి దోసిలి కళ్ల ముందు కదిలింది. అప్పుడే చెల్లికి ఒక్క ఫోను చేసి ఉంటే సరిపోయేది. వెంటనే సూదులు పొడిపిస్తే రెండు మూడు రోజుల్లో కోలుకునే జబ్బు అది. కానీ నీకు నిజం చెప్పాలంటే ముందు నాకు నేను చెప్పుకోవాలి. అది చేతగాక నీ తూకాన్ని తప్పుపట్టాను. ముప్పై ఏళ్లు దర్జీ పని చేసి, టేపు పెట్టకుండానే మనిషి భుజం కొలత చెప్పే నిన్ను, కొలవడం రాదన్నాను. నువ్వు మారు మాట్లాడకుండా నా మాటే నమ్మావు.

తరవాతి ఉత్తరంలో గుండీ పోయిందని రాశావు. పొద్దున నీ ఒళ్లో ఉండగానే పోయిందని, నువ్వు పోసిన పాలే దాని ప్రాణం తీశాయని రాశావు. మిగతా మూడింటినీ డాక్టరు దగ్గరికి తీసుకెళ్తే సూదులు వేశాడని, మర్నాటికల్లా తలలెత్తాయని రాశావు. ఆయన విటమిన్ లోపమంటే నువ్వు ఆయనతో వాదించావట. "మా అమ్మాయి పరీక్ష చేసిన తిండండీ అది, అందులో లోపమెలా ఉంటుంది?" అన్నావట.

ఆ కాగితం ప్రయోగశాలలోనే చదివాను. సంచులు పక్కన పెట్టించమని అక్కడి నుంచే చెల్లికి ఫోను చేశాను. ప్రతి రోజు సరుకులోంచీ ఒక డబ్బాడు దాచి ఉంచుతాం. ఆ సోమవారం డబ్బా తీసి బయటి ప్రయోగశాలకు పంపాను. ఫలితానికి పదకొండు రోజులు పట్టింది. బి-వన్ ఉండవలసిన దాంట్లో ఇరవయ్యో వంతు కూడా లేదు.

మీ అల్లుడికి చెప్పాను. ఆయన ఫలితం కాగితం అడిగి తీసుకుని చదివారు. తరవాత, "రేపు ఆఫీసులో చెప్పు. ఆ తరవాత అత్తయ్యకు రాయి. ఉద్యోగం సంగతి ఆనక చూసుకుందాం" అన్నారు.

మేనేజరు ఫలితం చదివి, "మార్కెట్ నుంచి ఒక్క ఫిర్యాదూ రాలేదే" అన్నారు.

"వచ్చింది సార్. నెల క్రితమే వచ్చింది. మా అమ్మ రాసింది. నేనే దాచాను."

ఆయన ఆ కాగితం బల్ల మీద పెట్టి కుర్చీలో వెనక్కి వాలారు. "ఆ రోజు నేను కూడా ఆగి అడగాల్సింది" అని మాత్రం అన్నారు. సాయంత్రానికి దుకాణాలన్నిటికీ కబురు వెళ్లింది. సంచులు వెనక్కి వస్తున్నాయి. ఇంకా ఆరు ఇళ్లలో కూనలకు ఇలాగే అయిందని తేలింది. అందులో రెండు బతకలేదు. ఆ ఇళ్లవాళ్లు కూడా పాలనో, చలినో, తమ చేతినో తిట్టుకునే ఉంటారు. వాళ్లందరికీ కంపెనీ ఉత్తరం వెళ్లింది. దాని కింద నా పేరు కూడా పెట్టమని అడిగితే పెట్టారు.

సంతకం పెట్టే పని నా దగ్గర నుంచి తీసేశారు. ఇప్పుడు గోదాముకు వచ్చిన ముడిసరుకు బస్తాల్లోంచి నమూనాలు తీసి పంపుతున్నాను. ఒళ్లంతా చేపపొడి వాసన. బస్సులో నా పక్కన సీటు ఎప్పుడూ ఖాళీయే. అది నాకు న్యాయంగానే తోస్తోంది. మేస్త్రి దగ్గరికి వెళ్లి, "మీరు చెప్పినప్పుడు నేను ఆగాల్సింది" అన్నాను. ఆయన చేతులు దులుపుకుంటూ, "ఇప్పుడైనా చెప్పారు. చాలామంది చెప్పరమ్మా" అన్నాడు. ఆ మాట నాకు ఊరటగా అనిపించలేదు. చాలామందిలో నేనూ ఒకదాన్నయ్యేదాన్నే కదా.

నువ్వు గుండీకి పోసిన పాలు, నువ్వు రాసినదాన్ని బట్టి, రోజుకు రెండు చెంచాలు. వాటి వల్ల పొట్ట కాస్త కదిలితే కదిలి ఉండవచ్చు. ప్రాణం పోలేదు. నీ తూకం ఒక్క రోజు కూడా తప్పలేదు. తప్పింది నా సంతకం. దాని తరవాత నా ఉత్తరం. రెండోదే నన్ను ఎక్కువ బాధపెడుతోంది. మొదటిదాన్ని తొందరపాటు అనుకోవచ్చు. రెండోదాన్ని అలా అనుకోవడానికి వీల్లేదు.

దీనికి జవాబు రాయవద్దు. కాగితం మీద నువ్వు ఎప్పుడూ మెత్తగానే ఉంటావు. 'పోనీలేమ్మా' అని రాసేస్తావు, నేను దాన్ని మడిచి పెట్టెలో దాచుకుని తేలికపడతాను. అది వద్దు. శనివారం పొద్దుటి బస్సుకు ఒక్కదాన్నే వస్తున్నాను. నాన్ననూ చెల్లినీ కాసేపు బయటికి పంపు. కోపం వస్తే కోపంగానే మాట్లాడు. నీ ఎదురుగా కూర్చుని నువ్వన్నదంతా వింటాను.

ఇట్లు,
నీ పెద్దమ్మాయి