కిటికీలోంచి అడవి

జూన్ 2, ఆదివారం

నిన్నటి వాన 31 మిల్లీమీటర్లు. ఆ మాత్రానికే వాగు పొంగి చెల్లెలి ఇంటి రెండో మెట్టెక్కింది. అది మంచం దిగలేని మనిషి.

వాగుకు కొత్త తూము వేస్తారు. లెక్కలు కట్టింది వాగుల ఆఫీసులో ఇంజనీరైన మా మనవరాలే. శుక్రవారం ఖరారు సంతకం. కాగితాలు బల్ల మీద వదిలి స్నానానికి పోయింది. ముప్ఫై నాలుగేళ్లు లెక్కలు చెప్పినదాన్ని, చూడకుండా ఎలా ఉంటాను? వాలు సరే, మట్టి సరే. కొండ మీద అడవి 90 శాతం, నీళ్లు నేలే తాగేస్తుంది, రెండడుగుల తూము చాలట! మరి ఆ రెండో మెట్టు ఎవరు తడిపారు?

జూన్ 3

లెక్క కట్టిన నీ కంప్యూటర్ మోడల్‌కు మతి లేదన్నాను. మోడల్‌దేం పోయింది అమ్మమ్మా, పెట్టిందే తింటుంది అంది. పొగరు.

జూన్ 4, ఉదయం 11.20

అడుగు తీసేసిన పాలడబ్బా, సుత్తి, సీసాతో నీళ్లు పట్టుకుని ఆటోలో కొండెక్కాను. డబ్బా నేలలో దిగగొట్టి, పావు లీటరు పోసి, ఎంతసేపట్లో ఇంకుతుందో చూడాలి. చెట్ల కింద పదకొండు నిమిషాలు. చెట్లు ఒక్క వరసే. వెనక కొండంతా గోడౌన్లు, సిమెంటు నేల. డబ్బా సొట్టపోయింది. ఏం నాటుతున్నారు మామ్మగారూ అని వాచ్‌మన్ ఒకటే నవ్వు. ఆ సిమెంటు పోసి ఏడేళ్లయిందట.

ఏడేళ్లు! కుర్చీ కదలకుండా అడవి అని రాసిన ఆ వెధవ పేరు పట్టుకురమ్మని మనవరాలికి చెప్పాను.

జూన్ 5

పేరు అడిగితే ముఖం తిప్పుకుంది.

జూన్ 6

తొమ్మిది ఫారాలు తెచ్చి నా ముందు పెట్టింది. రిటైరైన టీచర్లకు వాగుల ఆఫీసు ఏటా పంపే ఫారాలు. కొండ మీద భూమి వాడకం: అడవి. మార్పు లేదు. తొమ్మిదింటి మీదా నా దస్తూరీ. మోకాళ్ల నొప్పులని వంటింటి కిటికీలోంచి చూసి రాశాను. అక్కడి నుంచి ఆ ఒక్క వరసే కనిపిస్తుంది.

నీ పేరెందుకు, తప్పు శాటిలైట్ ఫోటోదని రాసేస్తా అంది. శాటిలైట్ ఏం చేసింది పాపం! అబద్ధం రాస్తే చెయ్యి విరగ్గొడతానన్నాను.

జూన్ 7, ఉదయం 8.00

సంతకానికి ముందే ఆఫీసులో ఇమ్మని మనవరాలి చేతికిచ్చిన కాగితానికి నకలు:

"అడవి: ఒక వరస. వెడల్పు నాలుగడుగులు. ఏడేళ్లుగా తప్పు రాసినది, ఇప్పుడు కొలిచినది: నేను."

వాన లేదు. బయటికి వెళ్లి చూశాను.