కారణం అనే గడి

విజయవాడ, 2005

తారిక్‌కు మీ మామూ సలాం.

మసీదు లెక్కల్ని బ్యాంకు లెక్కలతో సరిచూసే సాఫ్ట్‌వేర్ తెచ్చావని కమిటీలో అందరికంటే ముందు మెచ్చుకున్నది నేనే. సహాయం తీసుకున్నవాళ్ళ పేరు, వీధి, చెక్కు నంబరు, కారణం అని గడులు నువ్వే తయారుచేసి, అన్నిటినీ ఒకే గ్రూపులో పెట్టావు. ప్రింటు కొడితే గ్రూపంతా కలిసే వస్తుందని నీకు తెలుసు. అయినా చదివి చూడకుండా, ఎప్పటిలాగే శుక్రవారం ఆ కాగితాన్ని మసీదు బోర్డుకి అంటించావు.

"జహీదా - కారణం: మొగుడు వదిలేశాడు." నమాజుకు వచ్చిన వాళ్ళందరూ చదివారు.

అడిగితే, "లెక్క పైసాతో సహా సరిపోయింది కదా మామూ! దాపరికమెందుకు?" అన్నావు.

దాపరికమెందుకో ఖురాన్‌లో బఖరా సూరా, ఆ రెండో అధ్యాయం, తెరిచి చూడు. పేదలకు గుట్టుగా ఇవ్వడమే మేలని ఉంది. ఇచ్చి నొప్పించేవాడి దానం, నున్నటి బండమీది మట్టి వానకు కొట్టుకుపోయినట్టు పోతుందనీ ఉంది. మన దానానికి నువ్వు వానవయ్యావు!

తండ్రి కువైట్‌లో ఉన్నాడని జహీదా తన కూతురికి చెప్పుకుంటోంది. ఆ పిల్ల సనోబర్ నా దగ్గరే అరబీ చదువుతుంది. నిన్న పాఠం మధ్యలో, "తాతా, మా నాన్న నిజంగా కువైట్‌లోనే ఉన్నాడా?" అని అడిగింది.

అబద్ధం హరామని ఆ పిల్లకు నేర్పింది నేనే. ఖురాన్ ఒళ్ళో పెట్టుకునే, "రేపు చెప్తానమ్మా" అని పంపేశాను.

ముందు ఆ కారణం గడిని వేరే గ్రూపులోకి మార్చు. తర్వాత వచ్చి సనోబర్‌కి జవాబు నువ్వే చెప్పు. నీ లెక్క సరిపోయింది కదా.

మీ మామూ