బోట్ల తోవ, మన పెరడు

ఆగస్టు 21

నాన్నా,

ఫోన్‌లో నీ గొంతు వినగానే నాకు మాటలు పోతాయి. "బాగున్నావా, తిన్నావా" అనేసి అమ్మకిచ్చేస్తాను. అందుకే గుజరాత్‌కు ఈ ఉత్తరం. వెరావల్‌లో బోటు ఒడ్డుకొచ్చాక నీకు చేరుతుందని నీతో పనిచేసే దిలీప్ అన్నయ్య ఫోన్లో చెప్పాడు.

నువ్వు వెళ్లాక వచ్చిన వాయుగుండానికి సముద్రం పేటలోకి వచ్చింది. ఇసుక దిబ్బ మీంచి కాదు. దిబ్బను చీల్చి బోట్లు లాగడానికి చేసిన తోవ ఉంది కదా, అందులోంచి తిన్నగా వచ్చింది. మనుషులకేమీ కాలేదు. రాములవారి గుడి పక్క మంచినీళ్ల బావి మాత్రం ఉప్పగా అయిపోయింది. టీ పెడితే అమ్మ ముఖం అదోలా పెట్టింది.

మర్నాడు పేటవాళ్లందరూ మన అరుగు మీద కూర్చున్నారు. తోవ తిన్నగా ఉన్నంతకాలం నీళ్లు వస్తూనే ఉంటాయని అందరికీ తెలుసు. దాన్ని పూడ్చి మొగలి నాటాలి, బోట్లకు పక్కనుంచి వంపు తిరిగే తోవ వెయ్యాలి. తుఫానుల నెలలు వచ్చేలోగా మొగలి వేళ్లు పట్టాలి. వంపు ఎక్కడ అన్న దగ్గర మాట ఆగిపోయింది. సునీల్ బావ, "బోటును సందులో తిప్పమంటారేటి? అదేటి ఆటోయా?" అన్నాడు. అందరూ నవ్వారు. ఆ నవ్వులో నేను, "మా పెరట్లోంచి తిప్పండి" అన్నాను.

ఎలా అన్నానో నాకే తెలీదు. తలుపు వెనక నిలబడి ఉన్నాను. అందరూ తలుపు వైపు చూశారు. అమ్మ పెరటి వైపు చూసి, "అది సెప్పింది నిజిమే, ఇంకెక్కడా కాళీ లేదు" అంది.

పెరడు సంగతి కాదు నాన్నా నా బాధ. పెరట్లో నీ పాత తెప్ప ఉంది. దాన్ని తీస్తే గానీ తోవ పడదు. నానమ్మ దాని మీదెక్కి కూర్చుంది. "ఇన్నాల్లు సదివితే నోరు రాలేదు గదా అనుకున్నాను. వచ్చీ వచ్చీ కొంప మీదకే వచ్చింది" అంది. మగమనిషి ఊళ్లో లేనప్పుడు అతని తెప్ప కదిపితే, ఇక రాడని ఒప్పుకున్నట్టేనట. ఆ సంగతి నాకు తెలుసు. మాట అనేటప్పుడు గుర్తు రాలేదు. ఇప్పుడు సునీల్ బావ కూడా తెప్ప మీద చెయ్యి వెయ్యనంటున్నాడు.

నానమ్మ నాతో మాట్లాడడం లేదు. అన్నం మాత్రం నేను పెడితేనే తింటోంది. మొగలి కొమ్మలు గోనెల్లో తడిపి ఉంచాం. నువ్వు వచ్చేవరకూ ఆగితే తుఫాను ముందొస్తుందేమో. కదిపితే నానమ్మ భయంతో మంచం పడుతుందేమో. ఏం చెయ్యమంటావు?

నీ
గౌతమి

*

వెరావల్

గౌతమమ్మా,

నాను సెప్తంటే దిలీప్ రాస్తన్నాడు. పెరడు పోతే పోనీ. తాగడానికి నీల్లు లేపోతే పెరట్లో కూకుని ఏటి సేత్తాం? మాటన్నది నువ్వేనని మీ అమ్మ ఫోన్లో సెప్తే నమ్మలేదు. ఇప్పుడు నమ్మినాను.

తెప్ప సంగతి ఏరే. మీ నానమ్మకి కోపం కాదమ్మా, బయ్యం. మా నాన్న ఒకరి పడవెక్కి ఏటకెల్లి రాలేదు. ఆయన తెప్పని పెరట్లోంచి తీసుకెల్లినప్పుడు మీ నానమ్మ గుమ్మంలో నిలబడి సూసింది. నాను దాని కొంగట్టుకుని ఉన్నాను. అందికే దాన్ని ఏటీ అనకు.

ఒక పని సెయ్. ఆ తెప్ప నీకిచ్చేసినాను. ఇయ్యాల్టి నుంచి అది నీదే, నాది కాదు. తెప్ప గల మనిషి ఊల్లోనే ఉంది గదా, ఇంక కదపడానికేటి? ఆడపిల్లకి తెప్పేటి బాబాయ్ అని దిలీప్ అడుగుతన్నాడు. నోరు మూసుకుని రాయరా అన్నాను. అదీ రాసేసినాడు.

ఒకటే మాట. తెప్ప గలవోల్లే ముందు సెయ్యెయ్యాల, లాగినప్పుడు కేకా ఆల్లే ఎయ్యాల. గట్టిగా ఎయ్యి.

నీ నాన్న
రామూర్తి

*

సెప్టెంబరు 28

నాన్నా,

నీ ఉత్తరం నానమ్మకు చదివాను. మళ్లీ చదవమంది. తాతయ్య సంగతి వచ్చిన దగ్గర కళ్లు తుడుచుకుంది. చివరికి, "ఈడికి సిన్నప్పుడే ఇంత తెలివుంటే ఆ ఈరావలెందుకెల్లును" అని తెప్ప దిగింది. పసుపు తెచ్చి, తెప్పకు కాకుండా నా చేతులకు రాసింది.

నేను వేసిన మొదటి కేక నాకే వినపడలేదు. సునీల్ బావ, "యజమానిగోరు, గాలేమో అనుకున్నాం" అన్నాడు. కోపం వచ్చి అరిచాను. తెప్ప కదిలింది. ఇప్పుడు అది వంటింటి గోడ పక్కన ఉంది. దాని మీద కూర్చుని నానమ్మ చేపలు కోస్తోంది.

పాత తోవ పూడ్చేశాం. నేనూ అమ్మా పేటలోని ఆడవాళ్లందరమూ కలిసి మొగలి నాటాం. చేతుల నిండా ముళ్ల గీతలే. కొన్ని కొమ్మలు ఎండిపోయాయి, ఎక్కువ వాటికి చిగుళ్లు వచ్చాయి. మొన్న పౌర్ణమి పోటుకు నీళ్లు దిబ్బ దగ్గరే ఆగాయి. బావి ఇంకా కాస్త ఉప్పగానే ఉంది. తోడేస్తున్నాం.

నిన్న సునీల్ బావ బోటు వంపు తిరిగేటప్పుడు మన స్నానాల గది మూలను గీరేసింది. నానమ్మ తిట్టిన తిట్లు రాయలేను. వంపు అక్కడ ఇరుకుగా ఉంది, ఆ గది ఇంకొంచెం లోపలికి జరగాలి. రేపు గోడ తీయించేస్తున్నాను. నాన్నా, ఇది నిన్ను అడగడం కాదు, చెప్పడం.

నీ
గౌతమి