నల్లా దగ్గర జోసెఫ్ వంతు

మంగళవారం

ఇవాళ తప్పు చేసింది మా పెద్దమ్మే. జోసెఫ్ టాంజానియా నుంచి చదువుకోవడానికి వచ్చి మా పక్క గదిలో దిగి నాలుగు రోజులే అయింది. తెల్లవారకముందే లేచి నల్లా వరుసలో మూడో బకెట్‌గా తనది పెట్టుకున్నాడు. పెద్దమ్మ దాన్ని కాలితో చివరికి నెట్టింది. అతని వంతు రాకముందే నీళ్ళు ఆగిపోయాయి. మొదటి ప్రాక్టికల్స్ రోజున స్నానం లేకుండా కాలేజీకి పోవాల్సి వచ్చింది.

"ఏంది పెద్దమ్మా గిది?" అని అరిచాను.

"కొత్తోళ్ళు ఆఖర్లనే నిలబడాలె. మంచిర్యాల నుంచి వచ్చినప్పుడు నేను ఆర్నెల్లు గట్లనే నిలబడ్డ. నువ్వు రాసి పంచే కరపత్రాల కాయితాలు బిందెలు నింపుతయారా?"

"నీకు జరిగిందని వానికి గూడ జరగాల్నా?"

ఆమె తన బిందె ఎత్తుకోవడానికి వంగింది. జోసెఫేమో కొత్తగా నేర్చుకున్న హిందీలో "జానే దో భాయ్", పోనీలే అన్నా అని నవ్వి, ఆమె బిందెనే ఎత్తి ఇంటిదాకా మోశాడు! నాకు ఒళ్ళు మండిపోయింది. సాయంత్రం మాత్రం, వేరే ఎక్కడైనా గది దొరుకుతుందా అని నన్ను మెల్లగా అడిగాడు.

ఈ మరాఠీ ఊళ్ళో మా కాలనీలో తెలుగు మాట్లాడేవాళ్ళే గానీ చదివేవాళ్ళు తక్కువ. అందుకే నల్లా దగ్గర అంటించడానికి ఒక కాగితం మరాఠీలో రాశాను: ముందు వచ్చినవాళ్ళ బకెట్ ముందు. రేపు పొద్దున అయిదింటికి అందరూ నల్లా దగ్గరికి రండి. పెద్దమ్మా, నువ్వు కూడా.